నేస్తం మాట్లాడే పాత ఇంగ్లీషు

శ్రీకూర్మం దాటాక, సముద్రం ఒడ్డు,
8 మార్చి 2015, ఆదివారం.

చిరంజీవి కుమారి శ్రావణిని అమ్మమ్మ లక్ష్మణమ్మ దీవించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమముగా ఉన్నాను; అక్కడ నీ క్షేమము మీ హాస్టలు సాంబారు దయవలన నిలిచియుండునని తలచుచున్నాను.

చూశావా? పుట్టి బుద్ధెరిగాక నోటితో ఒక్కసారైనా ‘తలచుచున్నాను’ అనని దాన్ని, కలం పట్టగానే అనేశాను. నువ్వడిగిన దానికి సగం జవాబు అక్కడే ఉంది. మిగతా సగం కోసం ఈ ఉత్తరం.

పైన పాతపట్నం అని లేదేమిటని కంగారుపడకు. మీ అమ్మ అనిత మన ఇద్దరి వంతూ కంగారుపడి ఇప్పటికే నాలుగుసార్లు ఫోన్ చేసింది. నేను తప్పిపోలేదు. డెబ్బై మూడేళ్ళ రిటైరైన ఇంగ్లీషు టీచరు తప్పిపోతే, నా నోటికి జడిసి కండక్టరే తిరుగు బస్సులో తెచ్చి దింపేస్తాడు.

నీ వ్యాసం చదివాను. ‘హాత్’, ‘డత్’, ‘కమెత్’ లాంటి పాత ఇంగ్లీషు క్రియల గురించి ఎం.ఫిల్.కి రాస్తున్నావు, సంతోషం. అంచున మీ గైడు గారు పెన్సిలుతో, ఇరవయ్యో శతాబ్దంలో బతికున్న మనిషెవరూ ఇలా మాట్లాడి ఉండరు అని రాశారు. మా అమ్మమ్మా, ఆవిడ స్నేహితురాలూ మాట్లాడారండీ అని నువ్వు అన్నావు. సాక్ష్యం ఏదీ అని ఆయన అన్నారు. దాంతో నువ్వు నాకు ఫోన్ చేసి, హాస్టల్లో మేమిద్దరం రాసుకుని నా ట్రంకు పెట్టెలోనే దాచిన బడినాటి ఉత్తరాలు ఫోటో తీసి పంపమన్నావు. నాకు ఫోటో తియ్యడం రాదు. ఉత్తరాల కట్ట సంచిలో వేసుకుని నేరుగా సాక్షి దగ్గరికే వచ్చేశాను.

ఇది పైకి చెప్పే కారణం. అసలు కారణం వేరు. ఆ స్నేహితురాలితో నేను మాట్లాడి నలభై ఒక్క ఏళ్ళయింది. చచ్చేలోగా ఆవిడ నన్ను మళ్ళీ పాత పిలుపుతో పిలుస్తుందో లేదో తేల్చుకోవాలని వచ్చాను.

ముందు నీ తప్పు దిద్దనీ. అది దిద్దకపోతే నాకు ముద్ద దిగదు. రెండో పేజీలో ఉదాహరణ కోసం నువ్వే సొంతంగా ఒక వాక్యం అల్లావు: ‘ఐ గోయెత్’ అని. తల్లీ, అది ‘నేను వెళ్తాడు’ అన్నట్టు! పాతగా కనిపించాలని ఎదురైన ప్రతి క్రియకీ ‘ఎత్’ తగిలించుకుంటూ పోతే అది పాత ఇంగ్లీషు అవదు, తలనొప్పి అవుతుంది. మన క్రియకి తోక ఉంటుంది కదా. నేను వస్తాను, నువ్వు వస్తావు, వాడు వస్తాడు. తోక చూసి మనిషిని పోల్చుకుంటాం. వాళ్ళకీ అలాగే ఉండేది. దౌ కమెస్ట్ అంటే నువ్వు వస్తావు. హీ కమెత్ అంటే అతడు వస్తాడు. దౌ హాస్ట్, హీ హాత్. దౌ డస్ట్, హీ డత్. ‘ఐ’ గారికి మాత్రం తోక లేదు. తర్వాత బద్ధకం ఎక్కువై ‘కమ్స్’లో ఒక్క ‘స్’ మిగుల్చుకుని తోకలన్నీ కోసేసుకున్నారు. నోటితో ‘కమ్స్’ అంటున్న రోజుల్లో కూడా కాగితం మీద చాలాకాలం ‘కమెత్’ అనే రాశారు. ప్రార్థనల్లో, దస్తావేజుల్లో, పద్యాల్లో ఇంకా ఎక్కువకాలం బతికింది. మనం శుభలేఖ మీద ‘తామెల్లరు విచ్చేసి’ అని అచ్చేయించి, ఎదురింటావిడతో ‘ఎల్లుండి పెళ్ళి, బేగి వచ్చీయ్’ అనమూ? అంతే.

ఇంకొకటి. దౌ అంటే నువ్వు, యూ అంటే మీరు. పిల్లల్నీ, పనివాళ్ళనీ, ప్రాణ స్నేహితుల్నీ, దేవుణ్ణీ దౌ అనేవారు. రానురాను మర్యాద ముదిరి అందర్నీ యూ అనేశారు. దేవుడొక్కడే పాపం దౌ దగ్గర మిగిలిపోయాడు. అది చూసి ఇప్పటివాళ్ళు దౌ అంటే ఏదో మహా గౌరవం అనుకుంటారు. గౌరవం కాదు, చనువు. రాసుకో. మీ గైడు గారికి కూడా పనికొస్తుంది.

మాకు ఇదంతా ఎలా అబ్బిందంటావా? 1953లో నేను సికాకుళంలో మిషను బడి హాస్టల్లో చేరాను. మా దొరసానమ్మ టీచరు బాగా ముసలిది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు ఓడలో వస్తున్నాయని మూడేళ్ళు చెప్పింది. ఓడ రాలేదు. ఆవిడ దగ్గరున్నది అట్టలూడిన పాత ప్రార్థన పుస్తకం ఒక్కటే. దాంతోనే మాకు ఇంగ్లీషు నేర్పేసింది. ఆకలేస్తే ‘ఐ హంగర్’ అనేవాళ్ళం. నీళ్ళ బిందె ఎవరో తన్నేస్తే ‘హూ హాత్ డన్ దిస్’ అని ఉరిమేవాళ్ళం.

నా చాప పక్క చాప మీద పడుకునే పిల్ల సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చింది. చేపలు పట్టేవాళ్ళ పిల్ల. నేను వరిచేలవాళ్ళ పిల్లని. క్రియల తోకలు నాకు ఎంతకీ ఎక్కక ఏడుస్తుంటే, ఆ పిల్ల ఒక్కపూటలో పట్టేసి, “ఏటుందే ఇందులో? మన మాటలాగే గదేటి! నువ్వొస్తావు, ఆడొస్తాడు,” అని నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. నేను నలభై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పి బతికింది ఆ మొట్టికాయ మీదే.

ఆవిడ పేరు గురమ్మ. నీకు తెలియాలి గనుక ఈ ఒక్కసారి రాశాను. ఇక రాయను, రాయకూడదు. ఎందుకంటే మేము నేస్తం కట్టుకున్నాం. హైదరాబాదులో మీరు ఫోనులో వేలు నొక్కి స్నేహితులవుతారు. మా వైపు దానికి ఒక తంతు ఉంది. అమ్మవారి పండగనాడు రెండు కుటుంబాలూ కలిసి, ఇద్దరు పిల్లలకీ కొత్త బట్టలు పెట్టి, బొట్టు పెట్టించి, ఒకరి చేత్తో ఇంకొకరికి మిఠాయి తినిపిస్తారు. ఆరోజు నుంచి కులం ఏదైనా ఆ ఇంటి చావుకీ పెళ్ళికీ ఈ ఇల్లు కదలాలి. ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. ‘నేస్తం’ అనే పిలవాలి. పేరు నోట వచ్చిందంటే నేస్తరికం తెగినట్టే. మాకు పన్నెండేళ్ళప్పుడు కట్టారు. రెండేళ్ళ తర్వాత ఆవిడ చదువు మాన్పించారు. నేను చదివాను.

ట్రైనింగ్ కాలేజీలో చేరిన మొదటి రోజు నేను లేచి ‘దౌ హాస్ట్’ అన్నాను. క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు. ఏడాదిలో దౌలూ తోకలూ అన్నీ ఊడ్చి పారేశాను. ఆ ఊడ్చిన దాంట్లో ఇంకేం పోయిందో అప్పుడు చూసుకోలేదు.

1974లో ఒక పొద్దున్న, నేను పనిచేసే ఆడపిల్లల బడికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. నా ఇంగ్లీషు మెచ్చుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు నేస్తం చేపల గంప నెత్తిన పెట్టుకుని, కూతురిని బడిలో వెయ్యడానికి గేటు దాటి వచ్చింది. నన్ను చూసి, మైదానం అటు చివర నుంచి ఇటు చివరకి వినబడేలా, “నేస్తం! వేర్ హాస్ట్ దౌ బీన్?” అని అరిచింది. ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ అని. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు తీసి, ఈవిడ మీకు తెలుసా అని అడిగారు. ఎవరో చేపలావిడ అన్నాను. అని ఊరుకోలేదు. ఆవిడ వైపు తిరిగి, “ఫలానా గారూ, మీరు తర్వాత రండి,” అన్నాను, ఫలానా చోట ఆవిడ పేరుతో.

పేరు పెట్టాను. పైగా గారు, పైగా మీరు. శత్రువుని కూడా మా వైపు అలా తిట్టరు.

ఆవిడ గంప దించలేదు. కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ నా గడప తొక్కలేదు.

ఇక మొన్న గురువారం సంగతి. శ్రీకూర్మంలో బస్సు దిగి, ఆటో ఎక్కి ఈ పల్లెకి వచ్చాను. వీధి మొదట్లో నలుగురు ఆడపిల్లలు గచ్చకాయలాడుతున్నారు. ఒకత్తి ఇంకొకత్తిని వేలు పెట్టి చూపిస్తూ, “దౌ చీటెస్ట్!” అని అరిచింది. నా కాలు అక్కడే ఆగిపోయింది. తొండి ఆడుతున్నావే అని, తోకతో సహా! రెండోది ఊరుకుంటుందా, “ఐ చీట్ నాట్, షీ చీటెత్!” అని మూడోదాని మీదకి తోసేసింది. శ్రావణీ, మీ యూనివర్సిటీలో నీతో కలిపి ఎవరికీ రాని తోక, ముక్కు కారుతున్న ఏడేళ్ళ గుంటకి వచ్చింది. ఇది ఎవరు నేర్పారే అని అడిగితే, “మా మామ్మ. మామ్మకి ఇష్టమైనోళ్ళతో ఇలాగే మాటాడతాది,” అంది.

ఇంటి ముందు నేస్తం ఎండుచేపలు తిరగేస్తూ కూర్చుంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. వెన్ను మాత్రం కర్రలా ఉంది. నన్ను చూసింది. గుర్తుపట్టింది. గుర్తుపట్టినట్టు నాకు తెలిసిందని కూడా ఆవిడకి తెలిసింది. చేప తిరగేస్తూనే, “హూ ఆర్ యూ?” అంది.

పక్కన పెద్దకోడలు మరిడమ్మ నా చెవిలో, “సూసుకోండమ్మా, మా అత్త యూ అన్నాదంటే కోపంగా ఉన్నట్టు. చేపల ఆఫీసరు గారు వచ్చినా యూ అంటాది. మమ్మల్నీ, మేకల్నీ దౌ అంటాది,” అంది. నాకు తెలుసమ్మా అన్నాను.

“ఎవులమ్మా మీరు? పేరేటి?” అంది నేస్తం ఈసారి తెలుగులో.

లక్ష్మణమ్మని అన్నాను.

“ఆ పేరు గల మనిసిని నానెరగను. నాకో నేస్తం ఉండేది. దానికి పేరు లేదు,” అంది.

సంచిలోంచి బడి ఉత్తరాల కట్ట తీసి చాప మీద పెట్టి, మనవరాలి చదువుకి కావాలి, నీ అనుమతి కోసం వచ్చాను అన్నాను. ఆవిడ పైనున్న ఉత్తరం తీసి, కళ్ళకి ఆనించుకుని చదివి, నవ్వు ఆపుకోవడానికి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అది నేను రాసిన ఉత్తరమే. ‘దౌ హాస్ట్ స్టోలెన్ మై జీడి’ అని ఉంది. నా బెల్లం జీడి ముక్క దొంగిలించావు అని. అరవై ఏళ్ళనాటి ఫిర్యాదు.

“దొంగిలించినాను. అయితే ఏటి?” అంది.

అయితే ఏమీ లేదు, తప్పు కడతాను, పాత పిలుపుతో పిలువు అన్నాను. నేస్తరికంలో తప్పు చేస్తే కొత్త కోక పెట్టి, జనంలో నిలబడి మూడుసార్లు నేస్తమని పిలవాలి. కోక నా సంచిలో ఉంది. ఆవిడ అంచు నలిపి చూసి, “రంగు బాగానే ఉన్నాది. పదిమందిలో పోగొట్టినావు. పదిమందిలో తెచ్చుకో. రేపు పొద్దున్న తెప్పలొచ్చినప్పుడు ఒడ్డున. ఆ దొర ముందు సిగ్గుపడ్డ మాట ఉంది సూడు, ఆ మాటలోనే సెప్పాల,” అంది.

మరిడమ్మ “ఓలమ్మో, అత్తా, పెద్దావిడ!” అంటూ అడ్డు రాబోయింది. “పెద్దావిడా? నాకంటే మూడు నెలలు సిన్నది. హోల్డ్ దౌ దై పీస్,” అంది నేస్తం. నోరు మూసుకో అని. మరిడమ్మ మూసుకుంది. ఆ కోడలు ఇంగ్లీషు అక్షరం ఎరగదు, పాత ఇంగ్లీషు మొత్తం ఎరుగును.

శుక్రవారం పొద్దున్న ఒడ్డుకి వెళ్ళాం. తెప్పలు లాగుతున్న మగాళ్ళు, గంపలతో ఆడవాళ్ళు, కాకులు, కుక్కలు. ఒక్క ఇన్‌స్పెక్టరు గారే తక్కువ. ఇసకలో చెప్పులు కూరుకుపోతుంటే విప్పేసి నిలబడ్డాను. బడి అసెంబ్లీలో ఎత్తినట్టు గొంతెత్తాను.

“నేస్తం! దౌ కేమెస్ట్ టు మై డోర్. ఐ న్యూ దీ. ఐ సెడ్ ఐ న్యూ దీ నాట్.”

నువ్వు నా గుమ్మంలోకి వచ్చావు. నువ్వెవరో నాకు తెలుసు. తెలియదన్నాను. ఇంతే. ముందు రాత్రంతా పెద్ద ఉపన్యాసం తయారుచేసుకున్నాను. తీరా నిలబడితే మూడు ముక్కలు మిగిలాయి.

నేస్తం చెవి దగ్గర చెయ్యి పెట్టి, “ఇనపడలేదు. సముద్రం హోరు,” అంది.

మళ్ళీ అరిచాను. తెప్పలు లాగేవాళ్ళు తాళ్ళు వదిలేసి చూస్తున్నారు. “ఇంకోపాలి. మూడు గదేటి లెక్క?” అంది. మూడోసారి నా గొంతు సగంలో పగిలింది. పగిలిన చోట నేస్తమే అందుకుని వాక్యం పూర్తిచేసింది. తర్వాత రెండు అడుగుల్లో వచ్చి, చేప పొలుసులంటిన చేతులతో నా రెండు చెంపలూ పట్టుకుని, ఊరంతా వినేలా, “దౌ ఆర్ట్ ఎ డాంకీ, నేస్తం!” అంది.

నా జన్మలో నన్నెవరూ అంత ముద్దుగా గాడిదా అనలేదు. మీ తాతయ్య కూడా.

ఆ తర్వాత ఏడుపో నవ్వో చెప్పలేను. ఎవరో ఈల వేశారు. మరిడమ్మ కోక భుజాన కప్పింది. ఇక చూడు, అప్పటి నుంచి ఈ వీధి పిల్లలకి అది నమస్కారం అయిపోయింది. నేను పళ్ళు తోముకుంటుంటే కూడా ఎదురొచ్చి, చేతులు జోడించి, మహా భక్తితో “దౌ ఆర్ట్ ఎ డాంకీ!” అంటున్నారు. దిద్దడానికి వాక్యంలో తప్పు లేదు. ఏం చెయ్యను?

ఇక నీ సాక్ష్యం. మీ గైడు గారితో చెప్పు: బతికున్న మనుషులు మాట్లాడతారు, ఒక వీధి మొత్తం మాట్లాడుతుంది, నమ్మకపోతే వచ్చి వినమను. ఆయన్ని నేస్తం మొదట్లో యూ అంటుంది. ఓపిక పట్టి రెండు పూటలు చేపల పులుసు తింటే దౌలోకి దిగుతుంది. బడి ఉత్తరాలు రిజిస్టరు పోస్టులో వస్తాయి, అనుమతి దొరికింది. జీడి సంగతి మాత్రం తీసేయమంది. తీసేయకు. ఆవిడకి చెప్పను.

వేళకి తిను. కళ్ళజోడు మార్చుకో. ‘ఐ గోయెత్’ కొట్టేయి. నేను ఎప్పుడు తిరిగి వస్తానని మీ అమ్మ అడిగితే, ‘షీ కమెత్ నాట్’ అని చెప్పు.

వేయి దీవెనలతో, ఈ ఊరి గాడిద,
మీ అమ్మమ్మ
లక్ష్మణమ్మ

తా.క. పైన రాసిందంతా నిజమే. ఒకటి మాత్రం దాచాను. నువ్వు దాచవలసిన వయసులో ఉన్నావు, నేను చెప్పవలసిన వయసులో ఉన్నాను. అందుకని చెబుతున్నాను. ఆవిడే నన్ను మరిచిపోయిందని మీ అమ్మకీ నీకూ ఇన్నేళ్ళూ చెప్పాను. అది అబద్ధం. బడి గేటు దాటి వెళ్ళిపోయిన ఏడాది నుంచి 1979 దాకా ఏటా ఒక కవరు పంపింది. మొత్తం ఆరు. నేను ఒక్కటీ విప్పలేదు. మొదటి దాంట్లో తిట్లుంటాయని భయం. రెండోది వచ్చేసరికి మొదటిది విప్పనందుకు సిగ్గు. ఆపైన సిగ్గు మీద సిగ్గు. ఏడో ఏడు రాలేదు.

శుక్రవారం అంతమందిలో ఆవిడ ఆ కవర్ల మాట ఎత్తలేదు. ఎత్తితే ఏ కోకా చాలదు. నిన్న మధ్యాహ్నం నేనే సంచి అడుగు నుంచి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. ఒక్కొక్కటీ తిప్పి చూసి, “మరేటి సూస్తావు? ఇప్పు,” అంది.

ఇద్దరం అరుగు మీద కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి చదివాం. ఆరింటిలో ఒక్క తిట్టు లేదు. ఒకదాంట్లో మేక ఈనింది. ఒకదాంట్లో గాలివానకి కప్పు ఎగిరిపోయింది, మళ్ళీ నేశారు. ఒకదాంట్లో కూతురు వేరే బడిలో చేరింది, ఫస్టు వచ్చింది. అన్నిటి చివరా ఒకటే మాట: ‘కమ్ దౌ’. నువ్వు రా. ఈ ఆరూ నీ ఎం.ఫిల్.కి ఇవ్వను. మీ గైడు గారు వచ్చి ఇసకలో పొర్లినా ఇవ్వను.

ఆరోదాంట్లో మూడో కొడుకు పుట్టాడని ఉంది. ‘హీ ఈజ్ ఫాట్ ఆజ్ దౌ ఆర్ట్. కమ్ దౌ అండ్ సీ.’ నీలాగే లావుగా ఉన్నాడు, వచ్చి చూడు.

వాడు కొండబాబు. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు. మేము చదువుతున్నంతసేపూ పక్కనే వల బాగుచేసుకుంటున్నాడు. నేస్తం వాణ్ణి చెయ్యి పట్టుకుని లేపి, నా ముందు నిలబెట్టి, “వచ్చినావు గదేటి. సూడు,” అంది.

చూశాను. నిజమే, లావే.